పల్లెలో కథోలిక ఇల్లు: భక్తిని వారం పొడుగునా ఎలా నడుపుకోవాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ఉన్న కథోలికులకు ఫాదర్ గారు ప్రతి ఆదివారం దొరకరు. ఒక్కో విచారణ (ఒక ఫాదర్ చూసుకునే ప్రాంతం) కింద చాలా ఊళ్లుంటాయి. ఊరి వంతు వచ్చినప్పుడే దివ్యపూజ (మాస్), మిగతా ఆదివారాలు ఉపదేశి, అంటే ఊళ్లో జపాలు నేర్పి ప్రార్థన నడిపే పెద్ద, నడిపే ప్రార్థన. 1928లో మద్రాసు నుంచి విడదీసి నెల్లూరు మేత్రాసనాన్ని (బిషప్ కింద ఉండే ప్రాంతాన్ని) మిల్ హిల్ సభ గురువులకు, అంటే ఫాదర్లకు, అప్పగించిన నాటి నుంచీ ఊళ్లలో విశ్వాసం నిలబడిందంటే అది ఎక్కువగా ఉపదేశుల వల్ల, ఇంట్లో పిల్లలను కూర్చోబెట్టి జపాలు నేర్పిన అవ్వల వల్ల. కాబట్టి గుడి దగ్గరలో లేదని కుంగిపోనక్కర్లేదు. ఇంట్లో ఏం చేయాలో, ఎప్పుడు చేయాలో తెలిస్తే చాలు.

ఎంతతో మొదలుపెట్టాలి

ధ్యానకూటానికి వెళ్లి వచ్చిన వారం చాలామంది పెద్ద పట్టిక రాసుకుంటారు. పొద్దున గంటసేపు బైబిలు, రాత్రి పూర్తి జపమాల, శుక్రవారం ఉపవాసం, శనివారం నవదిన ప్రార్థన. నాట్లు మొదలవగానే అన్నీ ఒకేసారి ఆగిపోతాయి, ఆపైన సిగ్గుతో మళ్లీ మొదలుపెట్టరు. దానికి బదులు మొదటి నెల మూడే పెట్టుకోండి. లేవగానే సిలువ గుర్తు, ఒక పరలోక జపం. రాత్రి ఇంటిల్లిపాదీ కలిసి జపమాలలో ఒక్క రహస్యం, అంటే పది పూసలు. ఆదివారం పూజ గానీ, పూజ లేకపోతే ఉపదేశి ప్రార్థన గానీ. ఈ మూడూ నెల రోజులు తప్పకుండా నడిచాకే నాలుగోది కలపండి.

గడియారం చూసి టైం పెట్టుకుంటే నిలవదు, రోజూ ఎలాగూ చేసే పనికి జపాన్ని ముడిపెట్టండి. పొయ్యి మీద కాఫీ నీళ్లు మరిగే లోపు పొద్దుటి జపం అయిపోతుంది. కయ్యలకు నీళ్లు పెట్టడానికి మోటారు దగ్గరికి నడిచే దారిలో ఒక రహస్యం చెప్పుకోవచ్చు. రొయ్యల గుంటల దగ్గర పనిచేసేవారికి మేత చల్లాక చెక్ ట్రే (రొయ్యలు మేత తిన్నాయో లేదో చూసే పళ్లెం) ఎత్తేదాకా ఖాళీ ఉంటుంది. పూర్తి జపమాలకు ఇరవై నిమిషాలకు మించి పట్టదు, ఆ ఖాళీ అందుకు ఎక్కువే. మధ్యాహ్నం పన్నెండుకి, సాయంత్రం ఆరుకి ఫోన్లో అలారం పెట్టుకుంటే త్రికాల జపం (పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం చెప్పేది) కూడా వస్తుంది. కూలి పనిలో ఉన్నప్పుడు పైకి చెప్పనక్కర్లేదు, సద్ది మూట విప్పే ముందు మనసులో చెప్పుకుంటే చాలు.

ఇంట్లో ప్రార్థన చోటు

గోడకు ఒక చెక్క బల్ల కొట్టి దాని మీద సిలువ, తిరుహృదయ పటం గానీ మరియమాత స్వరూపం గానీ, బైబిలు పెట్టండి. ఫ్రిజ్ మీద, టీవీ మీద వద్దు. నెల తిరిగేసరికి అక్కడ చార్జర్లు, మందుల సీసాలు చేరతాయి. కొవ్వొత్తిని పటానికి జానెడు దూరంలో పెట్టండి. ప్లాస్టిక్ పూలదండ పక్కన ఒక్క రాత్రి కూడా వెలిగించి వదలొద్దు, పటాలు కాలిపోయేది ఎక్కువగా అలాగే. దీపపు కుందె వాడొచ్చా, హారతి ఇవ్వొచ్చా అని కొందరికి అనుమానం. భారతదేశ పూజా విధానం కోసం 1969లో రోమ్ అంగీకరించిన పన్నెండు అంశాల్లో నూనె దీపాలు, హారతి ఉన్నాయి. నిశ్చింతగా వాడుకోండి.

బైబిలు కొనేటప్పుడు అట్ట చూసి కొనకండి. మన చుట్టుపక్కల అంగళ్లలో దొరికేది ఎక్కువగా 66 పుస్తకాల బైబిలు, కథోలిక బైబిలులో 73 ఉంటాయి. విషయసూచిక తెరిచి తోబీతు, మక్కబీయులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే విచారణ ఆఫీసులో అడిగితే తెప్పిస్తారు.

ఇంటి జపమాల, వరుసగా

పూసలు 59. పెద్దవి, అంటే విడిగా ఉండేవి ఆరు. వాటి మీద పరలోక జపం. మిగతా 53 మంగళవార్త జపానికి.

1. సిలువ పట్టుకుని సిలువ గుర్తు వేసుకుని విశ్వాస సంగ్రహం చెప్పండి. మొదటి పెద్ద పూస మీద పరలోక జపం. తర్వాతి మూడు చిన్న పూసల మీద విశ్వాసం, నమ్మిక, దేవప్రేమ కోసం మూడు మంగళవార్తలు, చివర త్రిత్వ స్తోత్రం.

2. ఆ రోజు రహస్యాలు (ధ్యానించాల్సిన యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలు) ఏవో చూసుకోండి. సోమ, శనివారాలు సంతోషం. మంగళ, శుక్రవారాలు దుఃఖం. బుధ, ఆదివారాలు మహిమ. గురువారం వెలుగు రహస్యాలు, వీటిని 2002లో రెండో జాన్ పాల్ పోపు గారు చేర్చారు. పాత జపపుస్తకాల్లో ఇవి ఉండవు. అందుకే గురువారం కొన్ని ఇళ్లలో గందరగోళం. వెలుగు రహస్యాలు ఐదింటినీ ఒక కాగితం మీద రాసి పుస్తకంలో అంటించుకుంటే సరిపోతుంది.

3. రహస్యం పేరు చదివి, పది సెకన్లు ఊరుకోండి. ఈ ఊరుకోవడమే అందరూ వదిలేస్తారు, అది లేకపోతే జపమాల నోటి లెక్కగా మిగిలిపోతుంది. ఆ సంఘటనను కళ్ల ముందు ఉంచుకున్నాక పూసలు మొదలుపెట్టండి.

4. ముందు చెప్పేవారు ‘మీ గర్భఫలమగు యేసు’ వాక్యం దాకా చెప్తారు, మిగతావారు ‘పరిశుద్ధ మరియమ్మా’ నుంచి అందుకుంటారు. పరలోక జపంలో ‘నానాటికి కావలసిన మా అన్నము’ దగ్గర అందుకోవాలి. ముందు చెప్పేవారి మాట పూర్తయ్యాకే రెండో వరుస మొదలవ్వాలి. తరుముకొచ్చినట్టు చెప్తే అయిదు నిమిషాలు మిగులుతాయి గానీ పిల్లలకు ఒక్క మాటా అందదు.

5. పది పూసలయ్యాక త్రిత్వ స్తోత్రం, ‘ఓ నా యేసువా’ జపం. తర్వాత రెండో రహస్యం.

ఒక్కో రహస్యం ఒక్కొక్కరు నడిపించండి. చదవడం రాని అవ్వకైనా, రెండో తరగతి పిల్లాడికైనా ఒకటి ఇవ్వాలి. పిల్లలు చెడగొడతారని పెద్దలే మొత్తం నడిపే ఇళ్లలో పదిహేనేళ్లొచ్చేసరికి పిల్లలు జపానికి కూర్చోవడమే మానేస్తారు. టైం విషయంలో మొహమాటం వద్దు. సీరియల్ అయ్యాక చేద్దామంటే చిన్నవాళ్లు నిద్రలోకి జారుకుంటారు, రాత్రి అన్నానికి ముందే చేసేయండి. ఎవరో ఒకరు పనిలో చిక్కుకుని రాకపోతే ఆగొద్దు, ఉన్న ఇద్దరితోనే మొదలుపెట్టండి.

ఆదివారం

శనివారం సాయంత్రం పూజకు వెళ్లినా ఆదివారపు బాధ్యత తీరినట్టే. కోత మిషను ఆదివారమే దొరికిందనో, పోర్టులో షిఫ్టు ఆదివారమే పడిందనో ముందే తెలిస్తే శనివారం సాయంత్రం పూజ ఎక్కడుందో కనుక్కుని వెళ్లండి. ఒంగోలు, కందుకూరు వైపు పొగాకు బ్యారన్ (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టం) వెలిగించాక రేయింబవళ్లు వేడి చూసుకుంటూ ఉండాలి, మధ్యలో వదిలితే కాపు మొత్తం పోతుంది. ఆ వారం ఇంట్లోవారు వంతులేసుకుని కొందరు బ్యారన్ దగ్గర, కొందరు గుడిలో ఉండండి. చంటిపిల్ల తల్లి, జబ్బు మనిషి, వాళ్లను చూసుకునే మనిషి పూజకు రాలేకపోతే అది పాపం కాదు. పెళ్లి షాపింగుకు నెల్లూరు పోయి పూజ మానేస్తే మాత్రం అది రాలేకపోవడం అనిపించుకోదు.

ఊళ్లో ఆ ఆదివారం పూజ లేదు, దగ్గర ఊరికి వెళ్లే దారీ లేదు. అప్పుడు ఉపదేశి ప్రార్థనకు వెళ్లండి, అదీ లేకపోతే ఇంట్లో ఆ రోజు సువిశేషం చదివి, ఊరివారి అవసరాల కోసం ప్రార్థించి, సత్ప్రసాదానికి (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పానికి) బదులు ‘ప్రభువా, ఇప్పుడు మిమ్మును సత్ప్రసాదంగా స్వీకరించలేను గనుక నా ఆత్మలోకైనా రండి’ అని చెప్పుకోండి. యూట్యూబులో పూజ చూడటం మంచిదే, మంచాన ఉన్నవారికి పెద్ద ఊరట. నడవగలిగినవారికి అది గుడికి బదులు కాదు.

సత్ప్రసాదానికి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు. నీళ్లకు, మందులకు ఈ అడ్డు లేదు. ఇక్కడ లెక్క పూజ మొదలయ్యే వేళ నుంచి కాదు, సత్ప్రసాదం తీసుకునే వేళ నుంచి. ఏడింటి పూజలో సత్ప్రసాదం ఏడూ నలభైకి వస్తుందనుకుంటే ఆరూ నలభై దాకా కాఫీ తాగినా ఇబ్బంది లేదు. వృద్ధులకు, రోగులకు, వాళ్లను చూసుకునేవారికి ఆ గంట నియమం కూడా లేదు. షుగరున్న పెద్దవాళ్లు ఖాళీ కడుపుతో వచ్చి పూజలో కళ్లు తిరిగి పడిపోవడం అనవసరం.

పాపసంకీర్తనం

గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం కనీసం సంవత్సరానికి ఒకసారి అని తిరుసభ (కథోలిక సభ) చట్టం. అది అడుగుమట్టం లెక్క. నెలకో, రెండు నెలలకో వెళ్లేవారికే చెప్పాల్సింది ఏమిటో తెలుస్తుంది. ఏడాదికోసారి వెళ్లేవారు ‘అన్నీ చేశాను ఫాదర్’ అని ఒక్క మాటతో ముగిస్తారు.

ముందురోజు రాత్రి పది ఆజ్ఞలు ఒక్కొక్కటే చదువుతూ మీ వారాన్ని పక్కన పెట్టి చూడండి. మన ఊళ్లలో ఆజ్ఞలు ఇలా కనిపిస్తాయి: పక్కవాడి గట్టు ఏటా మడక తగిలించి ఒక చెయ్యి కోసుకోవడం, కాటాలో మోసం, పాలల్లో నీళ్లు, కట్నం బాకీ కోసం కోడల్ని పుట్టింటికి పంపడం, ఓటుకు నోటు, తాగొచ్చి భార్యను కొట్టడం, కులం పేరుతో గుడిలో వేరే వరుస, సమాధుల దొడ్లో వేరే మూల. చివరిదాన్ని చాలామంది పాపాల జాబితాలో వేసుకోరు. వేసుకోవాలి.

గురువు ముందు మోకరించి సిలువ గుర్తు వేసుకోండి. కిందటిసారి చేసి ఎన్నాళ్లయిందో చెప్పండి. చావైన పాపాలు (తెలిసీ కావాలనే చేసిన ఘోరమైనవి) ఏ రకమో, ఎన్నిసార్లో చెప్పాలి. సరిగ్గా గుర్తు లేకపోతే ‘వారానికి రెండుసార్లు, మూడు నెలలుగా’ అంటే చాలు. కథ చెప్పొద్దు. అత్త ఏమంది, దానికి మీరేమన్నారు, మళ్లీ ఆమె ఏమంది అంటూ పోతే అది అత్త పాపసంకీర్తనం అవుతుంది. మీ వంతు వరకే చెప్పండి. తర్వాత గురువు చెప్పింది విని, మనస్తాప జపం చెప్పి, పాపవిమోచనం అందుకోండి. ఇచ్చిన ప్రాయశ్చిత్తాన్ని గుడి దాటకముందే చేసేయండి, ఇంటికెళ్లాక అంటే మరిచిపోతారు.

మరిచిపోయిన పాపం మిగతావాటితో పాటే క్షమించబడుతుంది, అది చావైనదైతే వచ్చేసారి గుర్తు చేసుకుని చెప్పాలి. కావాలని ఒక చావైన పాపం దాస్తే మాత్రం ఆ సంకీర్తనమే చెల్లదు. సిగ్గు వల్ల దాచేది ఎక్కువ. ఫాదర్ గారికి మన ముఖం తెలుసు, రేపు ఎదురుపడతారు అనే భయం. విన్నది ఆయన ప్రాణం పోయినా బయటపెట్టకూడదు. అయినా మొహమాటం పోకపోతే వేరే విచారణకో, నెల్లూరు కథెడ్రల్‌కో, ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్లకో వెళ్లినప్పుడు చేసుకోండి. అది తప్పేమీ కాదు.

ఇంకొకటి. గట్టు కోసుకున్నది చెప్పి విమోచనం పొందితే పని అయిపోలేదు. ఆ గట్టు మళ్లీ దాని చోటికి రావాలి. దొంగిలించిన డబ్బైతే తిరిగి ఇవ్వాలి. పేరు బయటపడకుండా ఎలా ఇవ్వాలో గురువునే అడగండి, దారి చెప్తారు.

శుక్రవారం, తపస్కాలం

విభూది బుధవారం (ఈస్టరుకు ముందటి తపస్కాలం మొదలయ్యే రోజు), పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) రెండూ ఉపవాస దినాలు: ఒక పూట కడుపునిండా, మిగతా రెండు పూటలు కలిపినా ఆ ఒక్క భోజనమంత కానంతగా. ఇది 18 నిండినవారి నుంచి 59 నిండేవరకు. మాంసం మానడం 14 నిండినవారందరికీ. కోడి కూడా మాంసమే. గుడ్లు, పాలు, చేపలు కావు. చట్టం ప్రకారం శుక్రవారం నెల్లూరు చేపల పులుసు తినొచ్చు, మామిడికాయ ముక్కలేసి రెండో పూటకు ఊరనిచ్చిన పులుసుతో తపస్సు చేశామంటే మాత్రం నవ్వొస్తుంది. పప్పు, మజ్జిగతో సరిపెట్టి, చేపకు అయ్యే డబ్బును పేదవారికో, విన్సెంట్ డి పాల్ సభ పెట్టెలోనో వేయండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎండలో బరువు పని చేసేవారు ఉపవాసం పట్టి పడిపోకండి.

కూలి డబ్బులు

ఆదివారం ముందు వరుసలో కూర్చుని, నాట్లు వేసిన ఆడకూలీలను వారం తిప్పించుకునే రైతు భక్తి ఊరంతటికీ తెలిసిపోతుంది. పొద్దు కుంకకముందే కూలి ఇవ్వాలని ద్వితీయోపదేశకాండం 24:15లో ఉంది, యాకోబు లేఖ 5:4 ఇంకా గట్టిగా చెప్తుంది. వడ్ల డబ్బు మిల్లు నుంచి ఆలస్యంగా వస్తుందని తెలిసినప్పుడు కూలి డబ్బు ముందే విడిగా తీసిపెట్టుకోండి. పొగాకు గ్రేడింగుకు పిలిచేటప్పుడే రోజుకెంతో, ఎప్పుడిస్తారో చెప్పేయండి.

బాప్టిస్టు చుట్టాలతో

మన రెండు జిల్లాల్లో బాప్టిస్టు మిషను 1840 నుంచి ఉంది. 1878లో ఒంగోలు వైపు ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. కాబట్టి మేనమామో, వియ్యంకుడో బాప్టిస్టు కాని కథోలిక ఇల్లు అరుదు. వాళ్ల పెళ్లికి, సమాధి కార్యక్రమానికి, కుటుంబ ప్రార్థనకు వెళ్లండి, కలిసి పాడండి. వాళ్ల సంస్కారపు రొట్టె, ద్రాక్షారసం మాత్రం తీసుకోవద్దు. వాళ్లు మన పూజకు వచ్చినా సత్ప్రసాదం తీసుకోరు. ముందే మెల్లగా చెప్తే వరుసలో నిలబడ్డాక ఇబ్బంది ఉండదు.

నీళ్లలో మునిగి మళ్లీ బాప్తిస్మం తీసుకోమని మిమ్మల్ని బలవంతపెడితే వాదన పెంచకండి. నీళ్లతో, త్రిత్వ నామంలో ఒకసారి జరిగిన జ్ఞానస్నానం (బాప్తిస్మం) జీవితాంతం ఉంటుంది, మళ్లీ ఇవ్వడం కుదరదు. అదే లెక్కన బాప్టిస్టు అమ్మాయి కోడలిగా వచ్చి మన సభలో చేరితే ఆమెకూ మళ్లీ ఇవ్వరు. పెళ్లి కలుపుకునేటప్పుడు కనీసం మూడు నెలల ముందు విచారణ గురువులకు చెప్పండి. వేరే సభవారితో పెళ్లికి అనుమతి కావాలి, జ్ఞానస్నానం లేనివారితో అయితే మినహాయింపు కావాలి. మండపం మాట్లాడి, పత్రికలు పంచాక ఫాదర్ దగ్గరికి వెళ్లేవారే ఎక్కువ ఇబ్బంది పడతారు. ఆరు నెలల్లోపు తీసిన జ్ఞానస్నానం సర్టిఫికెట్ అడుగుతారు, ఎప్పుడో పదో తరగతిలో తీసుకున్నది పనికిరాదు.

ఇంట్లో ఎవరైనా బాగా జబ్బు పడితే

రోగుల అభ్యంగనం, అంటే గురువు రోగికి తైలం పూసి ప్రార్థించడం, చివరి ఊపిరికి దాచిపెట్టే సంస్కారం కాదు. ఫాదర్‌ను పిలిస్తే మనిషి భయపడతాడని ఆలస్యం చేసి, తెలివి తప్పాక పిలుస్తారు. అప్పటికి పాపసంకీర్తనం చేసుకోలేరు, సత్ప్రసాదం మింగలేరు. పెద్ద ఆపరేషన్‌కు చెన్నైకో నెల్లూరుకో వెళ్లే ముందురోజు, గుండెపోటు వచ్చి ఆస్పత్రిలో చేరిన వెంటనే పిలవండి. జబ్బు తగ్గి మళ్లీ ముదిరితే మళ్లీ తీసుకోవచ్చు.

ఫోన్ చేసేటప్పుడు చెప్పాల్సినవి: ఊరు, వీధి గుర్తు, మనిషికి తెలివి ఉందా, మింగగలడా. మంచం పక్కన చిన్న బల్ల మీద తెల్లగుడ్డ పరిచి సిలువ, రెండు కొవ్వొత్తులు, తీర్థం, ఒక గ్లాసు మంచినీళ్లు ఉంచండి. టీవీ ఆపేయండి. పాపసంకీర్తనం జరిగేటప్పుడు అందరూ బయటికి రావాలి, ఎంత దగ్గరివారైనా. ఆ తర్వాత లోపలికి పిలిచి అందరూ కలిసి ప్రార్థన చెప్తారు.

పుట్టిన బిడ్డ బతకదేమో అన్నట్టుంటే ఫాదర్ కోసం ఎదురుచూడొద్దు. ఆ ఆపదలో ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వొచ్చు, నర్సు హిందువైనా సరే, తిరుసభ చేసేదే చేయాలన్న ఉద్దేశం ఉంటే చాలు. మామూలు నీళ్లు బిడ్డ తల మీద మూడుసార్లు పోస్తూ, పేరు పెట్టి, పోసేవారే ఇలా చెప్పాలి: ‘పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానమిచ్చుచున్నాను.’ ఒకరు నీళ్లు పోసి మరొకరు మాటలు చెప్తే చెల్లదు. నీళ్లు చర్మం మీద పారాలి, తడి వేలితో తుడిస్తే చాలదు. ఇంక్యుబేటర్‌లో ఉన్న బిడ్డకు సిరంజితో నుదుటి మీద కొన్ని చుక్కలు పారేలా వదిలితే సరిపోతుంది, అయితే నర్సును అడిగాకే. తేదీ, పోసినవారి పేరు, చూసిన ఒకరి పేరు కాగితం మీద రాసుకుని విచారణ గురువులకు ఇవ్వండి, రిజిస్టర్లో ఎక్కిస్తారు. బిడ్డ కోలుకుంటే గుడికి తీసుకెళ్లాలి. అక్కడ మళ్లీ నీళ్లు పోయరు. తైలం, తెల్లవస్త్రం, వెలిగించిన కొవ్వొత్తి, ఈ మిగిలినవి మాత్రం పూర్తి చేస్తారు.